పాత కార్లలో సెంట్రల్ లాక్: లోపాలు, మరమ్మతు

డ్రైవరు తలుపుకు తాళం వేయగానే మిగతా తలుపులకూ, కొన్ని మోడళ్లలో డిక్కీకీ కరెంటు సాయంతో తాళం పడే ఏర్పాటును సెంట్రల్ లాక్ అంటారు. కారు పాతబడే కొద్దీ ఇది తడబడుతుంది. ఒక తలుపు మొరాయిస్తుంది, పడిన తాళం వెంటనే ఊడిపోతుంది, రిమోట్ నొక్కితే డాష్‌బోర్డు కింద టిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ జరగదు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి ఒడ్డు ఊళ్లలో తిరిగే కార్లకు ఈ జబ్బు రావడానికి ఎక్కడైనా ఉండే కారణాలకు తోడు ఈ నేలకే చెందినవి మరికొన్ని ఉన్నాయి: మెట్ట దుమ్ము, డెల్టా తేమ, చేపల చెరువుల నీరు. తప్పు ఎక్కడుందో తేలనప్పుడు నింద సాధారణంగా ఎలక్ట్రానిక్ పెట్టె మీద పడుతుంది. పాత కార్లలో మాత్రం చాలాసార్లు తప్పు తలుపులోనే దొరుకుతుంది. తెగిన తీగ, ఎండిన గ్రీజు, ఊడిన క్లిప్పు, ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ ప్రాంతంలో బండి వయసును నంబరు పలకే కొంతవరకు చెప్పేస్తుంది. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లా కోడ్ ఏపీ 37, కృష్ణా జిల్లాది ఏపీ 16. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ వచ్చింది. కాబట్టి ఏపీ 37 అని కనిపించిన ప్రతి కారూ అంతకు ముందుదే. వాటిలో ఎన్నో ఇద్దరు ముగ్గురు యజమానుల చేతులు మారినవి. ఒక్కో యజమాని ఒక్కో కొట్లో రిమోటో హారనో పెట్టించుకుని ఉంటాడు. తాళం వెతకబోయే మెకానిక్కుకు మొదట ఎదురయ్యేది ఈ అతుకుల వైరింగే.

చరిత్ర

విద్యుత్ తలుపు తాళం అమెరికాలో 1914లోనే స్క్రిప్స్-బూత్ కారులో కనిపించింది గానీ నిలవలేదు. 1956లో ప్యాకార్డ్ కంపెనీ మళ్లీ తెచ్చాక క్రమంగా వ్యాపించింది. మెర్సిడెస్ బెంజ్ చాలా కాలం కరెంటు మోటారుకు బదులు వ్యాక్యూమ్ గొట్టాలతో ఇదే పని చేయించింది. దూరం నుంచి నొక్కే రిమోట్ 1982లో ఫ్రాన్సులో రెనో ఫ్యూగో కారుతో వచ్చింది.

మన దేశంలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో తాళం అంటే తాళంచెవీ, కిటికీ పక్కన లేచే పిడీ మాత్రమే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లోనూ అంతే. 1993లో జెన్, 1994లో ఎస్టీమ్, 1998లో శాంత్రో, ఇండికా వచ్చాక కొనేవారికి సెంట్రల్ లాక్ మీద మోజు పెరిగింది. కంపెనీలు దాన్ని ఎక్కువగా ఖరీదైన రకాలకే ఇచ్చేవి. తక్కువ రకం కొన్నవారు బయట కిట్టు కొని బిగించుకునేవారు. మిండా, ఆటోకాప్ వంటి పేర్లు కారు డెకార్ షాపుల్లో స్థిరపడింది ఇలాగే. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లో ఆగిపోయాయి. అప్పటి కార్లు నేటికీ రోడ్డు మీద ఉన్నాయి కాబట్టి మరమ్మతు కొట్లకు ఇప్పుడు రెండు రకాల తాళాలు వస్తాయి: ఫ్యాక్టరీలో బిగించినవి, తర్వాత బిగించినవి. ముందుగా అదేదో తేల్చుకోవాలి. కంపెనీ వైరింగ్‌కు పటం దొరుకుతుంది. బయట బిగించిన కిట్టుకు ఉండే పటం దాన్ని బిగించినవాడి బుర్రలోనే ఉంటుంది, అతను ఈపాటికి కొట్టు మార్చేసి ఉండొచ్చు.

పనిచేసే తీరు

తలుపు లోపల గొళ్ళెం ఉంటుంది. తలుపును మూసి పట్టుకునేది అదే. దాని పక్కనే ఉండే చిన్న మీట ఒక స్థితిలో బయటి హ్యాండిల్ లాగుడును గొళ్ళేనికి చేరనిస్తుంది, రెండో స్థితిలో చేరనివ్వదు. తాళం అంటే ఆ మీటే. పిడిని వేలితో నొక్కినా, తాళంచెవి తిప్పినా, మోటారు తోసినా కదిలేది ఆ మీటే. సన్నని ఇనుప కడ్డీలు, ప్లాస్టిక్ క్లిప్పులు వీటన్నిటినీ కలుపుతాయి.

మెకానిక్కులు డోర్ మోటార్ అనే డబ్బాలో 12 వోల్టుల చిన్న డీసీ మోటారు, ప్లాస్టిక్ పళ్ల చక్రాలు ఉంటాయి. కరెంటు ఒక దిశలో పారితే కడ్డీ బయటికి వస్తుంది, దిశ మారితే లోపలికి పోతుంది. ఈ దిశ మార్పిడిని కంట్రోల్ బాక్సులోని రెండు రిలేలు చేస్తాయి. ఏమీ నొక్కనప్పుడు మోటారు తీగలు రెండూ ఎర్తుకే కలిసి ఉంటాయి. లాక్ నొక్కితే ఒక తీగకు, అన్‌లాక్ నొక్కితే రెండో తీగకు ఒక్క సెకను లోపు కరెంటు వచ్చి ఆగిపోతుంది. అంతసేపే రావడంలో అర్థం ఉంది. అంత చిన్న మోటారు కదలలేని స్థితిలో ఎక్కువసేపు కరెంటు తీసుకుంటే కాలిపోతుంది. చాలా మోటార్లలో వేడెక్కితే కరెంటును తగ్గించే రక్షణ ఉంటుంది. పిల్లలు రిమోట్‌ను పదే పదే నొక్కాక తాళం కాసేపు పనిచేయకుండా పోయి, తర్వాత దానంతట అదే బాగవడానికి కారణం ఇదే.

బయట దొరికే కిట్లలో డ్రైవరు తలుపు మోటారుకు అయిదు తీగలు, మిగతావాటికి రెండేసి ఉంటాయి. రెండు తీగలు మోటారువి, సాధారణంగా నీలం, ఆకుపచ్చ. అదనంగా ఉండే నలుపు, తెలుపు, గోధుమ రంగు తీగలు లోపలి చిన్న స్విచ్చివి. డ్రైవరు పిడిని నొక్కగానే ఆ స్విచ్చి కంట్రోల్ బాక్సుకు కబురు పంపుతుంది, బాక్సు మిగతా తలుపులను కదిలిస్తుంది. డ్రైవరు వైపు దాన్ని మాస్టర్ అనడం అందుకే. రంగులు తయారీదారును బట్టి మారుతుంటాయి కనుక రంగును నమ్మి తీగ కోయకూడదు.

2000 దశకం మధ్య నుంచి వచ్చిన చాలా మోడళ్లలో మోటారు విడిగా ఉండదు, గొళ్ళెంతో కలిపి ఒకే అచ్చులో ఉంటుంది. అది చెడితే మొత్తం మార్చాలి, లేదా విప్పి మోటారు మాత్రం మార్చగల ఓపికైన పనివాడు దొరకాలి. పాత జెన్, మారుతి 800 యజమానులు ఈ విషయంలో అదృష్టవంతులు: కిట్టు మోటారు రెండు స్క్రూలతో ఊడుతుంది, చౌకగా దొరుకుతుంది.

మెట్ట దుమ్ము, కొల్లేటి తేమ

తాడేపల్లిగూడెం సరిహద్దు ఊరు. ఉత్తరాన నల్లజర్ల, ద్వారకా తిరుమల వైపు ఎర్రనేల మెట్ట. దక్షిణాన పెంటపాడు, నిడమర్రు వైపు కాలువల కింద వరి పొలాలు, ఆపైన చేపల చెరువులు. ఏలూరుకూ అంతే, ఒక పక్క మెట్ట, ఇంకో పక్క కొల్లేరు. ఒకే మోడల్ కారు ఈ రెండు వైపులా తిరిగితే రెండు రకాలుగా చెడుతుంది.

మెట్టన తిరిగే కారుకు మెత్తని ఎర్రదుమ్ము కిటికీ బీడింగ్ సందుల్లోంచి తలుపులోకి దిగి గొళ్ళెం గ్రీజులో కలుస్తుంది. కొన్నేళ్లకు ఆ గ్రీజు మైనంలా గట్టిపడుతుంది. మోటారు తోస్తుంది, మీట సగం దూరం పోయి ఆగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం పనిచేసి తెల్లవారుజామున మొరాయించే తాళానికి ముందుగా అనుమానించాల్సింది ఈ ఎండిన గ్రీజునే. వేడికి అది కొంత మెత్తబడుతుంది.

కొల్లేటి వైపు సంగతి వేరు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడతాయి. సముద్రంలోకి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. ఆకివీడు, భీమవరం వైపు రొయ్యల చెరువుల నీటిలోనూ ఉప్పే. శీతాకాలం ఉదయాల్లో పొగమంచు. ఈ గాలిలో రాత్రంతా ఆరుబయట నిలిచే కారు తలుపు లోపల రేకు చెమ్మగిల్లుతుంది. రాగి తీగ చివర చిలుము పడుతుంది, తీగలను కలిపే కప్లర్ పిన్ను తెల్లబారుతుంది, ఎర్తు బోల్టు కింద తుప్పు పొర కడుతుంది. తీగ తెగదు, ఫ్యూజు పోదు, అయినా మోటారుకు చేరాల్సిన కరెంటు చేరదు. ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని వెళ్లే పాత క్వాలిస్‌లు, బొలేరోల్లో ఐసు కరిగిన నీరు కార్పెట్టులోకి దిగి ఇదే పని చేస్తుంది. చెరువు గట్ల మీది గతుకులు చేసేది ఇంకో రకం నష్టం. కడ్డీలను పట్టుకున్న క్లిప్పులు ఆ కుదుపులకు ఒక్కొక్కటే జారిపోతాయి. వరి కోతలయ్యాక చేలో తిండి తగ్గిన ఎలుకలు ఇళ్ల దగ్గరి బండ్లలోకి దూరి వైర్లు కొరకడం కూడా ఇక్కడ కొత్త కాదు.

కారు తలుపు నీరు చొరని పెట్టె కాదు. దాన్ని అలా తయారుచేయరు. అద్దం మీద పడిన వాన బీడింగ్ దాటి లోపలికి దిగుతుంది, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. పొలం దారిలో లేచిన బురద, గడ్డి పరకలు ఆ రంధ్రాలను మూసేస్తే తలుపులో నీళ్లు నిలుస్తాయి. తలుపు ఊపినప్పుడు గలగలమంటే నీళ్లు నిలిచినట్టే. నాలుగు తలుపుల అడుగు అంచునా సన్నని పుల్లతో ఆ రంధ్రాలను శుభ్రం చేయడం పైసా ఖర్చులేని పని. మోటారు మార్చి రంధ్రాలను వదిలేసిన మరమ్మతు ఒక వానాకాలం కూడా ఆగదు.

తలుపు లోపలి రేకుకూ దాన్ని కప్పే డోర్ ప్యాడ్‌కూ మధ్య ఒక పాలిథిన్ షీటు అంటించి ఉంటుంది. నీటిని ప్యాడ్ వైపు రానివ్వకుండా కిందికి మళ్లించేది అదే. అనుభవం లేని చేతులు దాన్ని చింపి పారేస్తాయి. చిన్న విషయంలా కనిపించినా అదెంతో చేటు: కొన్నాళ్లకు ప్యాడ్ ఉబ్బుతుంది, స్పీకరు పోతుంది, పవర్ విండో స్విచ్చికి తుప్పు పడుతుంది. షీటు చిరిగితే మందపాటి పాలిథిన్ కత్తిరించి కొత్తది అంటించుకోవచ్చు.

లోపం వెతకడం

మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. ఒక్కో తలుపు పిడిని వేలితో నొక్కి, లేపి చూడాలి. నాలుగింటిలో ఒకటి గట్టిగా ఉంటే దానికి కరెంటు వైద్యం చేసి లాభం లేదు. మనిషి వేలికే బరువైనది ఆ చిన్న మోటారుకు ఇంకా బరువు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా కొన్న కొత్త మోటార్లు, అవీ కాలిపోయి మళ్లీ కొన్నవీ, లెక్కలేనన్ని ఉంటాయి.

తర్వాత వినాలి. ఒకరు లోపల కూర్చుని స్విచ్చి నొక్కుతుంటే మరొకరు ఒక్కో తలుపు దగ్గర చెవి పెడితే సగం నిర్ధారణ అయిపోతుంది. ఏ తలుపూ కదలకపోతే, డాష్‌బోర్డు కింద రిలే చప్పుడు కూడా లేకపోతే, ఫ్యూజు, బాక్సుకు వచ్చే కరెంటు, ఎర్తు చూడాలి. రిలే టిక్కుమని అన్ని తలుపులూ నీరసంగా కదిలితే బ్యాటరీ. పూర్తి ఛార్జింగ్ ఉన్న బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపాలి. బాగా దిగిపోయిన బ్యాటరీ హెడ్‌లైటును ఎర్రగానైనా వెలిగిస్తుంది గానీ నాలుగు మోటార్లను ఒకేసారి తోయలేదు. మూడు తలుపులు బాగుండి ఒకటే చెడితే బాక్సును నిందించనక్కర్లేదు, తప్పు ఆ తలుపుదే.

రిమోట్‌తో అన్నీ పనిచేసి డ్రైవరు పిడి నొక్కినప్పుడు మాత్రం మిగతావి కదలకపోతే, మాస్టర్‌లోని స్విచ్చి గానీ దాని తీగలు గానీ పోయినట్టు. తాళం వేయడం జరిగి తీయడం జరగకపోయినా, తీయడం జరిగి వేయడం జరగకపోయినా, ఆ మూడు తీగల్లో ఒకటి తెగిందేమో చూడాలి. ఇక అందరినీ విసిగించేది తాళం పడి వెంటనే ఊడిపోవడం. చూసినవారికి దయ్యం పట్టినట్టే ఉంటుంది. సంగతి మామూలుదే: డ్రైవరు తలుపు మోటారు చివరిదాకా పోలేదు, లోపలి స్విచ్చి పూర్తిగా మారలేదు, తలుపు ఇంకా తీసే ఉందని బాక్సుకు కబురు వెళ్లింది, బాక్సు అన్నిటినీ తీసేసింది. కడ్డీని పట్టి ఉంచే బిగింపు స్క్రూ వదులై జారినా, గ్రీజు ఎండి మీట సగంలో ఆగినా ఇదే జరుగుతుంది. కడ్డీని సరైన చోట మళ్లీ బిగిస్తే నయమవుతుంది.

వెనక తలుపు లోపలి నుంచి తెరుచుకోవడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని లోపాలే కావు. ఆ తలుపు అంచున గొళ్ళెం దగ్గర చైల్డ్ లాక్ అనే చిన్న మీట ఉంటుంది. కారు కడిగేటప్పుడో, పిల్లల చేతులు తగిలో అది మారిపోతుంది. తలుపు విప్పకముందే ఒకసారి చూసుకోవాలి.

తెగే చోటు

తలుపు తెరిచినప్పుడు బాడీకీ తలుపుకూ మధ్య ముడతల రబ్బరు గొట్టం కనిపిస్తుంది. తలుపులోకి వెళ్లే తీగలన్నీ అందులోంచే పోతాయి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఇరవై ఏళ్ల కారులో ఆ వంపులు వేలల్లో జరిగి ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ తెరిచేది డ్రైవరు తలుపు కాబట్టి అక్కడే ముందు తెగుతుంది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉండి లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగి, చివరికి ఒకటి రెండు మిగలడం మామూలు. తలుపు తెరిచి ఉంటే పనిచేసి మూస్తే ఆగిపోయే తాళానికి, తలుపు ఊపుతుండగా ఒక్కోసారి పనిచేసే తాళానికి వెతకాల్సింది ఇక్కడే. రబ్బరు గొట్టాన్ని రెండు చివరలా మెల్లగా లాగి వెనక్కి జరిపి, ఒక్కో తీగను సున్నితంగా పట్టి లాగితే తెగినది రబ్బరులా సాగుతుంది.

ఇక్కడ డిజిటల్ మల్టీమీటరు మోసం చేస్తుంది. ఒకే ఒక పోగు మిగిలిన తీగ కూడా మీటరుకు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు దాదాపు శూన్యం. మోటారు లాగే ఆంపియర్లు ఆ ఒక్క పోగులోంచి పోలేవు. పైగా కరెంటు ఉండేది సెకను లోపే కనుక మీటరు అంకె స్థిరపడేలోగా అది పోతుంది. పాత ఆటో ఎలక్ట్రీషియన్లు ఇండికేటరు బల్బుకు రెండు తీగలు అతికించి వాడే టెస్ట్ ల్యాంపే ఈ పనికి మేలు. మోటారు కప్లర్ ఊడదీసి ఆ రెండు తీగల మధ్య బల్బు పెట్టాలి. ఒక కొసను బాడీకి ఆనిస్తే సగం దారినే పరీక్షించినట్టవుతుంది; మోటారుకు ఎర్తు కూడా ఆ రెండో తీగలోంచే వస్తుంది కదా. లాక్ నొక్కినప్పుడూ, అన్‌లాక్ నొక్కినప్పుడూ బల్బు ఒకే కాంతితో తళుక్కుమంటే తీగలు బాగున్నట్టు, తప్పు మోటారుది. మసకగా వెలిగితే దారిలో ఎక్కడో చిలుమో, తెగిన పోగులో ఉన్నట్టు. అసలు వెలగకపోతే తీగ తెగినట్టు. ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు ఎక్కువగా ఉండే కొత్త కార్లలో ఎక్కడపడితే అక్కడ ఈ బల్బు ఆనించకూడదు. మోటారు తీగల వరకైతే ఇబ్బంది లేదు.

మోటారును విడిగా పరీక్షించాలంటే కడ్డీ ఊడదీసి, బ్యాటరీ నుంచి ఫ్యూజు ఉన్న తీగతో ఒక్క క్షణం తాకించాలి, తర్వాత తీగలు తారుమారు చేసి తాకించాలి. రెండు వైపులా చురుకుగా కదిలితే మోటారు మంచిదే. ఒంటరిగా కదిలి కడ్డీ తగిలించాక ఆగిపోతే గొళ్ళేన్ని కడగాలి. కిరోసిన్‌తోనో డబ్ల్యూడీ-40తోనో పాత గ్రీజు వదిలించి, ఆరాక తెల్ల లిథియం గ్రీజు పలచగా రాస్తే చాలు. డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేస్తే వారం బాగుంటుంది, తర్వాత మళ్లీ మొదటికే వస్తుంది. ఉన్న గ్రీజును కడిగేసి పోవడమే దాని పని. తాళంచెవి దూర్చే రంధ్రంలో కొబ్బరినూనె పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది కొన్నాళ్లకు జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటుంది. అక్కడ గ్రాఫైట్ పొడి వాడాలి.

తెగిన తీగను రబ్బరు గొట్టం లోపలే మెలితిప్పి టేపు చుట్టడం ఊళ్లలో ఎక్కువగా జరిగే మరమ్మతు, ఎక్కువగా తిరిగొచ్చే మరమ్మతు కూడా. అతుకు వంగే చోట ఉండకూడదు. సోల్డరింగ్ చేస్తే తీగ అక్కడ గట్టిపడి దాని పక్కనే మళ్లీ తెగుతుంది. తెగిన తీగను తలుపు లోపలికొకటి, బాడీ లోపలికొకటిగా రెండు చోట్ల కోసి, మధ్యలో సన్నని పోగులు చాలా ఉన్న మెత్తని కొత్త తీగను కొంచెం వదులుగా వేసి, అతుకులు రెండూ వంపుకు బయట ఉండేలా చూసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. ఒక తీగ తెగిందంటే దాని పక్కవాటికీ రోజులు దగ్గరపడ్డట్టే, అన్నిటినీ ఒకేసారి మార్చడం మేలు.

ఫ్యూజు పదేపదే పోతుంటే కూడా ముందు చూడాల్సింది ఈ గొట్టమే. తొడుగు ఒరిసిపోయిన తీగ బాడీకి తగులుతూ ఉంటుంది. పోయిన ఫ్యూజు స్థానంలో ఎక్కువ ఆంపియర్లది గానీ, సిగరెట్ పెట్టె రేకు గానీ పెట్టడం కారుకు నిప్పు పెట్టుకోవడం లాంటిదే. ఫ్యూజు చోట 21 వాట్ల ఇండికేటరు బల్బు తగిలిస్తే షార్టు ఉన్నంతసేపు అది నిండుగా వెలుగుతుంది. ఒక్కో తలుపు కప్లర్ ఊడదీస్తూ పోతే ఏ తలుపు దగ్గర బల్బు ఆరిపోతుందో తప్పు అక్కడ ఉన్నట్టు. బల్బు కరెంటును అదుపులో ఉంచుతుంది కనుక తీగ కాలే భయం తగ్గుతుంది.

డోర్ ప్యాడ్ విప్పేటప్పుడు స్క్రూలు లోపలి హ్యాండిల్ వెనకా, చేయి ఆనించే చోటా, ప్లాస్టిక్ మూతల కిందా దాగి ఉంటాయి. చేత్తో తిప్పే కిటికీ అయితే ఆ పిడి వెనక ఉన్న స్ప్రింగు క్లిప్పును పాత గుడ్డ అంచుతో అటూ ఇటూ రుద్దితే అదే బయటికి ఎగురుతుంది. పాత ప్లాస్టిక్ క్లిప్పులు విరగక మానవు, అరడజను కొత్తవి దగ్గర ఉంచుకోవాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఇలాంటి చిల్లర సామాన్లూ, తుక్కు కార్ల నుంచి తీసిన గొళ్ళేలూ దొరుకుతాయి. పాత సామాను కొంటే అక్కడే 12 వోల్టులు తాకించి చూసి కొనాలి.

రిమోట్ సంగతి క్లుప్తంగా. చాలావాటిలో సీఆర్ 2032 వంటి 3 వోల్టుల బిళ్ల సెల్లు ఉంటుంది. కారుకు ఆనించి నొక్కితేనే పనిచేస్తుంటే సెల్లు మార్చాలి. ప్రతిసారీ కోడు మారే రిమోట్‌లను సెల్లు మార్చాక కొన్ని మోడళ్లలో కారుకు మళ్లీ పరిచయం చేయాల్సి వస్తుంది. రిమోట్ పనిచేయనంత మాత్రాన ఇంజను స్టార్టు కాకపోదు. అది ఇమ్మొబిలైజర్ అనే వేరే ఏర్పాటు పని. రిమోట్ పోయినా తాళంచెవితో తలుపు తెరవగలగాలి. ఏళ్ల తరబడి చెవి పెట్టని రంధ్రం తుప్పుతో బిగుసుకుంటుంది కనుక నెలకోసారైనా చెవితో తీయడం మంచి అలవాటు.

ముంపు తర్వాత

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలకు బుడమేరు పొంగి విజయవాడలో వేల వాహనాలు మునిగాయి. ఆ నీరు చివరికి చేరేది కొల్లేటికే. ఏలూరు, కైకలూరు మధ్య ఎడ్లగాడి ప్రాంతంలో రోడ్డు మీదికీ నీళ్లు వచ్చాయి. మునిగిన కారును వెంటనే స్టార్టు చేయకూడదన్నది చాలామందికి తెలుసు. తాళం నొక్కి చూడటం కూడా తప్పేనని తెలిసినవారు తక్కువ. తడిసిన బాక్సులోకి కరెంటు వెళ్తే రాగి గీతలు గంటల్లో తినుకుపోతాయి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయాలి. తర్వాత ప్యాడ్‌లు విప్పి, కప్లర్లను మంచినీళ్లతో కడిగి బురద పోగొట్టి, పూర్తిగా ఆరబెట్టాకే కరెంటు ఇవ్వాలి. బాక్సు చాలా కార్లలో డ్రైవరు కాళ్ల దగ్గర పక్క ప్యానెల్ వెనకో, డాష్‌బోర్డు కిందో ఉంటుంది, అంటే నీళ్లు ముందుగా చేరే చోట. వరద లేకున్నా ముందు అద్దం బీడింగ్ కారినా, ఏసీ నీటి గొట్టం మూసుకుపోయినా అక్కడి కార్పెట్టు తడుస్తుంది. తాళాలు వాటంతట అవే పడుతూ లేస్తూ ఉంటే మొదట ఆ కార్పెట్టు కింద చేయి పెట్టి చూడాలి.

వరద నష్టానికి సమగ్ర బీమా పాలసీ వర్తిస్తుంది. అరుగుదల వల్ల గానీ, యాంత్రిక, విద్యుత్ లోపాల వల్ల గానీ చెడినదానికి మామూలు మోటారు పాలసీ డబ్బివ్వదు. మునిగిన కార్లు బాగుచేయబడి సెకండ్ హ్యాండ్ అంగట్లోకి వస్తుంటాయి. కొనేవారు సీటు పట్టాల స్క్రూల మీద తుప్పు, కప్లర్లలో ఎండిన తెల్లటి ఒండ్రు, ప్యాడ్ లోపలి వైపు నీటి గీత ఉన్నాయేమో చూడాలి. నాలుగు తలుపుల మోటార్లూ కొత్తవైతే ఎందుకు మార్చారని అడగాలి.

లోపలి నుంచి తెరుచుకోవడం

తాళం గురించి మాట్లాడేటప్పుడు దొంగ గుర్తొస్తాడు. ఈ ప్రాంతంలో కాలువ కూడా గుర్తు రావాలి. గోదావరి ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగా, కృష్ణా ఏలూరు కాలువ విజయవాడ వైపు నుంచి వచ్చి ఏలూరులో కలుస్తాయి. డెల్టాలో రోడ్లు చాలా దూరం కాలువ గట్ల వెంబడే సాగుతాయి. కారు నీళ్లలో పడితే బయటి నీటి ఒత్తిడికి తలుపు కదలదు. కరెంటు ఉన్న మొదటి కొద్ది క్షణాల్లోనే కిటికీ దించాలి. అది వీలుకాకపోతే పక్క అద్దాన్ని మూలలో మొనదేలిన సుత్తితో కొట్టాలి. ముందు అద్దం పొరల అద్దం, కొట్టినా తేలిగ్గా దారి ఇవ్వదు. ఆ సుత్తి చేతికందే చోట ఉండాలి, డిక్కీలో ఉంటే పనికిరాదు.

పిల్లల విషయం ఇంకా కఠినమైనది. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి ఊపిరాడక చనిపోయారు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి గంటలోపే బయటికంటే 20 డిగ్రీలకు పైగా పెరగగలదు. ఇంటి ముందు నిలిపిన కారుకు తాళం వేసి ఉంచడం, తాళంచెవి పిల్లలకు అందకుండా చూడటం దొంగల భయం కోసం మాత్రమే కాదు.

2019 జూలై 1 నుంచి తయారయ్యే ప్యాసింజరు కార్లకు కేంద్ర ప్రభుత్వం ఏఐఎస్-145 ప్రమాణాన్ని తప్పనిసరి చేసింది. కరెంటు పోయినా సెంట్రల్ లాక్‌ను చేత్తో తీయగలిగే వీలు ఉండాలన్నది అందులో ఒక నిబంధన. అంతకు ముందు కార్లకు ఆ నియమం లేదు. కంపెనీ బిగించిన తాళాల్లో చాలావాటికి ఆ వీలు మామూలుగానే ఉంటుంది గానీ, కడ్డీ వంకరగా పెట్టి బిగించిన కిట్టు మోటారో, తుప్పు పట్టిన గొళ్ళెమో దాన్ని పోగొట్టవచ్చు. మీ కారు పాతదైతే ఈ వారమే సెంట్రల్ లాక్ ఫ్యూజు తీసేసి, తలుపులన్నీ చేత్తో లాక్ చేసుకుని, లోపల కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తెరుచుకోని తలుపు ఉంటే రిమోట్ సంగతి తర్వాత, ముందు దాన్ని బాగుచేయించండి.